మిషన్లో లేని స్టేజీ

పదకొండేళ్ళుగా ఆ కండక్టరమ్మ డ్యూటీలో ఉండగా గుక్కెడు మంచినీళ్ళు తాగి ఎరగదు. మొక్కూ కాదు, పట్టింపూ కాదు. పొద్దున్న ఐదున్నరకి బస్సెక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగేదాకా, ఆ దారి పొడవునా ఆడమనిషి వెళ్ళడానికి ఒక గది లేదు, అంతే. బస్టాండులో ఒకటి ఉంది గానీ దానికెప్పుడూ తాళమే. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్పేవారు. అవతలి చివర కాలేజీ గేటు దగ్గర బస్సు పది నిమిషాలు ఆగేది. డ్రైవరు గోడ చాటుకి వెళ్ళి వచ్చేవాడు. ఆవిడ సీట్లోనే కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేది. గేటు లోపల పెద్ద పెద్ద భవనాలు, ప్రతి అంతస్తులోనూ గదులు. కానీ గుర్తింపు కార్డు లేనిదే లోపలికి పోనివ్వరు. ఆ గేటు దాకా రోజుకి నాలుగొందల మందిని మోసుకొచ్చి దింపే మనిషికి ఆ కార్డు ఉండదు కదా.

డ్యూటీ దిగి ఇంటికి రాగానే సంచీ విసిరేసి దొడ్డివైపు పరిగెత్తేది. "చెప్పులైనా విప్పవే తల్లీ, ఎవరో తరుముతున్నట్టు!" అని అత్తగారు వెనకనుంచి అరిచేది. ఆవిడ నవ్వేసి ఊరుకునేది. నడుం నొప్పి ఎక్కువైతే డాక్టరు పరీక్ష చేయించి, మూత్రపిండంలో రాళ్ళున్నాయని తేల్చి, "నీళ్ళు బాగా తాగాలమ్మా" అని చెప్పాడు. దానికీ తలూపి వచ్చేసింది. డిపోలో నోరు విప్పితే "ఆడవాళ్ళని పెట్టుకుంటే ఇదే తంటా" అంటారని భయం. ఉన్న రూటు పీకేస్తారని ఇంకో భయం. దాహాన్ని కూడా ఉద్యోగంలో ఒక నిబంధన అనుకుని సర్దుకుపోయింది.

ఆ బస్సుని ఊళ్ళో అందరూ కాలేజీ బండి అంటారు. బస్టాండు, మార్కెట్టు, కోర్టు, వంతెన, కాలేజీ: టిక్కెట్టు మిషన్లో ఉన్న స్టేజీలు ఇవి ఐదే. ఊరు బతికేదే కాలేజీ మీద కాబట్టి బస్సు కూడా కాలేజీ గంట ప్రకారమే నడిచేది. నాలుగేళ్ళ కిందట, నడిబొడ్డున ఉన్న పెద్దాసుపత్రిని ఎత్తుకెళ్ళి వంతెన అవతల, కాలేజీకి రెండు కిలోమీటర్ల ఇవతల పెట్టారు. ఐదంతస్తులు కట్టారు. లిఫ్టులు, అద్దాలు, గేటు ముందు పచ్చగడ్డి, అన్నీ అమర్చారు. మనిషి అక్కడికి ఎలా వెళ్ళాలో మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆసుపత్రి కట్టినవాళ్ళకి బస్సు తమ పని కాదు. బస్సు నడిపేవాళ్ళకి ఆసుపత్రి తమ పని కాదు. రోగి మాత్రం ఈ ఇద్దరికీ మధ్య రోడ్డు మీద నిలబడ్డాడు.

బస్సు రోజూ ఆసుపత్రి గేటు ముందునుంచే పోతుంది, ఆగదు. కాలేజీ దగ్గర దిగి, ఎండలో రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచొచ్చే ముసలివాళ్ళని చూసి చూసి, ఒకరోజు కండక్టరమ్మ ఆ గేటు దగ్గర గంట కొట్టింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"ఇక్కడ స్టాపు లేదు కదమ్మా?"

"లేదన్నా. మనుషులున్నారు."

అతను బ్రేకు తొక్కాడు. ఆ రోజునుంచి ప్రతి ట్రిప్పులోనూ అక్కడ బస్సు ఆగింది. చిక్కల్లా టిక్కెట్టుతోనే. మిషన్లో ఆసుపత్రి స్టేజీ లేదు, వంతెన తర్వాత కాలేజీయే. అందుకని ఆసుపత్రి అన్న ప్రతివాళ్ళకీ కాలేజీ టిక్కెట్టే కొట్టి చేతిలో పెట్టేది. పని జరిగిపోతోంది కదా అనుకుంది. ఆ మాటే తర్వాత ఆవిడ మెడకి చుట్టుకుంది.

ఆ టిక్కెట్ల వాళ్ళలో బైండింగు మాస్టారు ఒకడు. కాలేజీ పిల్లలు రాసిన పెద్ద పెద్ద పరిశోధనలకి అట్టలు కట్టి, బంగారు రంగు అక్షరాలు అద్దిన చేతులు ఆయనవి. రెండు మూత్రపిండాలూ పాడైపోయి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాడు. పోయినప్పుడల్లా నాలుగు గంటలు మిషను పక్కన పడుకుంటే, అది రక్తం శుభ్రం చేసి, ఒంట్లో చేరిన నీరు తీసి పంపేది. మళ్ళీ ఎల్లుండి మామూలే.

"నలభై ఏళ్ళు ఆ కాలేజీ పుస్తకాలు కుట్టానమ్మాయ్, ఒక్కడూ లోపలికి రమ్మనలేదు" అనేవాడు టిక్కెట్టు అందుకుంటూ. "నువ్వే నయం. వారానికి మూడు క్లాసులకి పంపిస్తున్నావు."

"మూడేళ్ళైంది మాస్టారూ, ఇంకా పాసవ్వరేంటి?"

"ఈ చదువులో పాసైతే పైకే పోవాలి. ఫెయిలవుతూ ఉంటేనే మంచిది."

ముందు సీట్లో వాళ్ళు కూడా నవ్వేవారు. మాస్టారి చేతిలో చిన్న సీసా ఉండేది, దాని మీద పెన్నుతో గీతలు. రోజంతటికీ తాగాల్సినది అంతే. గీత దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుందని డాక్టర్లు భయపెట్టారు. ఒకరోజు వేసవిలో, కండక్టరమ్మ ఎండిన పెదాలు తడుపుకోవడం చూసి ఆయన అడిగాడు.

"నన్నంటే తాగొద్దన్నారు. నీకేమొచ్చిందమ్మా, గుక్కెడు తాగొచ్చుగా?"

పదకొండేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించి కారణం చెప్పింది. బస్సు వంతెన ఎక్కాక మాస్టారు అన్నాడు, "తాగనివ్వని జబ్బు నాది. నీది జబ్బు కాదు, అన్యాయం. దాన్ని కూడా మందు మింగినట్టు మింగుతున్నావు చూడు."

ఆవిడకి కోపం వచ్చింది. ఆయన టిక్కెట్టు చేతిలో పెట్టి ముందుకి పోయింది.

ప్రతి వేసవిలోనూ కాలేజీకి యాభై రోజులు సెలవులు. మిగతా ఏళ్ళల్లో బండి పొద్దునొకటి, సాయంత్రమొకటి చొప్పున నడిచేది. ఈ ఏడు పిల్లలు లేనప్పుడు అదెందుకని పూర్తిగా ఆపేశారు. బస్టాండు స్తంభానికి ఒక కాగితం అంటించారు. కండక్టరమ్మని స్టేషను రూటుకి మార్చారు.

సెలవుల మూడో వారంలో ఆవిడకి మాస్టారు బస్టాండు బెంచీ మీద కనిపించాడు. పక్కన ఆయన భార్య. మాస్టారి ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయి ఉంటే ఆవిడ ఒక్క క్షణం ఆనవాలు పట్టలేకపోయింది. చెప్పుల్లో పట్టని కాళ్ళు చెప్పుల పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి మాస్టారూ ఇది?"

"వారానికో క్లాసు ఎగ్గొడుతున్నానమ్మాయ్" అన్నాడు ఆయాసపడుతూ. "ఆటోవాళ్ళు వంతెన దాటి రాలేమంటున్నారు. దాటినవాళ్ళు రానూ పోనూ రెండింతలు అడుగుతున్నారు."

"ఎగ్గొట్టకూడదని నువ్వైనా చెప్పమ్మా" అంది ఆయన భార్య. "నా మాట ఈ మనిషి ఏనాడు విన్నాడు గనక!"

ఆ మధ్యాహ్నమే, డ్యూటీ బట్టల్లోనే, కండక్టరమ్మ ట్రాఫిక్ సెక్షన్ ఆఫీసుకి వెళ్ళింది. ఉద్యోగంలో చేరాక తనంతట తాను ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆఫీసరు కుర్చీ చూపించాడు. ఆసుపత్రికి రెండు ట్రిప్పులైనా నడపమని ఆవిడ అడిగితే, కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాడు.

"ఏడాది మొత్తం మీద ఆసుపత్రికి ఎంతమంది వెళ్ళారో చూడు. సున్నా."

"సున్నా ఏంటి సార్! మొదటి ట్రిప్పులోనే ఇరవైమంది దిగుతారు."

"దిగుతారేమో. దిగినట్టు లేదు." ఇంకో కాలమ్ మీద వేలు పెట్టాడు. "అందరూ కాలేజీకే పోయారు. ఇదిగో, ఈ కండక్టరు నంబరు ఎవరిది?"

ఆవిడదే.

"నీ చేత్తో నువ్వు కొట్టిన టిక్కెట్లేనమ్మా. కాలేజీకేమో సెలవులు. నన్నేం చెయ్యమంటావు?"

"మిషన్లో ఆసుపత్రి స్టేజీ లేదు కద సార్."

"స్టేజీ పెట్టాలంటే ప్రయాణికులు కనపడాలి."

"కనపడాలంటే ముందు స్టేజీ ఉండాలి కద సార్."

"విత్తు ముందా చెట్టు ముందా అంటే ఎవరు చెప్తారు?" అని నవ్వాడాయన. చెడ్డ మనిషేం కాదు. మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. ఆవిడ గ్లాసు పట్టుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టి వచ్చేసింది.

తను జాలిపడి కొట్టిన ప్రతి టిక్కెట్టూ, ఆసుపత్రికి ఎవరూ పోవడం లేదని సాక్ష్యం చెప్పింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది.

వారానికి తనకున్న ఒక్క సెలవు రోజున మొగుడి స్కూటరు తీసుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది. వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా చున్నీతో తనకి కట్టుకుని, వంతెన దాటించింది.

"టిక్కెట్టు కొట్టవా అమ్మాయ్?"

"స్టేజీ లేదు మాస్టారూ."

ఆయన నవ్వాడో దగ్గాడో వీపుకి తెలియలేదు. అలా రెండు వారాలు తీసుకెళ్ళింది. కానీ మాస్టారి ఒంటికి కావాల్సినవి వారానికి మూడు రోజులు. ఆవిడ దగ్గర ఉన్నది ఒకటి.

ఆ తర్వాతి వారంలో, ఆవిడ స్టేషను రూటులో ఉండగా, కాలేజీ బండి నడిపిన డ్రైవరు పక్క బస్సులోంచి చెప్పాడు. పొద్దున్నే మాస్టారికి ఊపిరాడక ఆటోలో వేసుకుని బయలుదేరారట. వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. ఆటో ముప్పావు గంట కదల్లేదు. అవతల ఐదంతస్తుల ఆసుపత్రి, అద్దాలతో సహా, కళ్ళకి కనిపిస్తూనే ఉందట. మాస్టారు భార్య ఒళ్ళోనే పోయాడు.

పది రోజుల తర్వాత కండక్టరమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. ముందు గదిలో కుట్టుబల్ల, జిగురు డబ్బా, దారపుండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మాస్టారి భార్య అరలోంచి అరచేతి వెడల్పున్న ఒక పుస్తకం తీసి ఇచ్చింది. ఎర్ర రెక్సిన్ అట్ట, పకడ్బందీ కుట్టు.

"నీకే ఇవ్వాలనిపించింది. మీ బస్సువే ఇవన్నీ."

లోపల టిక్కెట్లు. మూడేళ్ళవి, నాలుగొందలకి పైగా. పాతవాటి మీద అచ్చు వెలిసిపోయి తెల్లకాగితాలైపోయాయి. వెనక్కి తిప్పితే మాత్రం నీలం పెన్నుతో ఆయన రాసుకున్న అక్షరాలు చెక్కుచెదరలేదు: తేదీ, ఆసుపత్రిలో చూసిన బరువు, నీరు తీశాక బరువు. అరవైరెండున్నర, అరవై. అరవైమూడు, అరవైన్నర. సెలవులు మొదలయ్యాక టిక్కెట్లు లేవు. ఆ తర్వాత, పుస్తకం చివర, టిక్కెట్టంతే కత్తిరించిన ఖాళీ కాగితాలు ఓ యాభై కుట్టి ఉన్నాయి. రాబోయే రోజుల కోసం ముందే పెట్టుకున్నాడు.

ఆ పుస్తకం పట్టుకుని మళ్ళీ ట్రాఫిక్ సెక్షన్ మెట్లెక్కింది. ఆఫీసరు పేజీలు తిప్పాడు. చాలాసేపే తిప్పాడు. "పాపం" అన్నాడు. "కానీ ఇది మన రికార్డు కాదమ్మా."

కాలేజీ తెరిచారు. బండి మళ్ళీ నడుస్తోంది, కండక్టరమ్మని మళ్ళీ దాని మీదే వేశారు. వచ్చే వేసవికి మళ్ళీ ఆపేస్తారు. ఆ లోపల ఆసుపత్రి స్టేజీ పడితేనే మిగిలినవాళ్ళకి దారి. ఆసుపత్రిలో మాస్టారి పక్క మంచాల మీద పడుకునేవాళ్ళు పదకొండుమంది ఇప్పటికీ ఆ బస్సులోనే వస్తున్నారు. కండక్టరమ్మ ఇప్పుడు టిక్కెట్టు కొట్టి, వెనక పెన్నుతో 'ఆసుపత్రి' అని రాసి మరీ ఇస్తోంది. దిగిన తలలు లెక్కపెట్టి, తేదీ వేసి, ఆ ఖాళీ కాగితాల్లో ఎక్కిస్తోంది. టిక్కెట్ల మీద రాతలు రాస్తున్నందుకు డిపోలో మెమో ఇచ్చారు. సంజాయిషీ రాయమంటే రెండే వాక్యాలు రాసింది. మిషన్లో ఆసుపత్రి లేదు కాబట్టి రాస్తున్నాను. బస్టాండులో ఆడవాళ్ళ గది తాళం తీస్తే నీళ్ళు కూడా తాగుతాను.

ఆ రెండో వాక్యం రాయడానికి ఆవిడకి పదకొండేళ్ళు పట్టింది. తాళం ఇంకా తీయలేదు.

ఇది చదువుతున్న మీరు కూడా ఏదో ఒక బస్సు ఎక్కుతారు. మీ టిక్కెట్టు మీద మీరు దిగే చోటు పేరే ఉందో లేదో చూడండి. లేకపోతే, పోనీలే అని జేబులో వేసుకోకండి. మీ ఊళ్ళో డిపోకి వెళ్ళి ఫిర్యాదు పుస్తకం అడగండి. ఫలానా తేదీన, ఫలానా బస్సులో, ఇంతమందిమి ఫలానా చోట దిగామని రాసి, కింద మీ పేరు పెట్టండి. పుస్తకం ఇవ్వకపోతే అర్జీ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. మీతో దిగినవాళ్ళ చేత కూడా రాయించండి. అక్కడే ఒక్క నిమిషం ఆగి, ఆడవాళ్ళ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో గట్టిగా అడగండి. మాస్టారి పుస్తకంలో ఖాళీ కాగితాలు ఇక ఎంతో మిగల్లేదు. ఆవిడ ఒక్కతే రాస్తే చాలదు.