పేజీకి నాలుగు డాలర్ల ఎమ్మెల్యే

గంటకు పదహారు డాలర్లు ఇస్తానన్న పెద్దమనిషితో అరగంట బేరమాడి, దాన్ని పేజీకి నాలుగు డాలర్లకు దింపిన ఘనత నాది. మాది మూడు తరాల స్టీలు సామాన్ల కొట్టు. గల్లాపెట్టె వెనక కూర్చున్నవాడు నష్టపోయిన బేరం మా ఇంట్లో ఒక్కటీ లేదని నాన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు. కెనడాలోని సార్నియాలో జరిగింది ఆయనకు చెప్పలేదు.

మా కాలేజీకి తెలుగు పిల్లలు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. మూడు గదుల ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్ళం. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే రెజ్యూమెలు పట్టుకున్నవాళ్ళ లైను పార్కింగ్ దాటి రోడ్డెక్కేది. అలాంటి సమయంలో కాలేజీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన కాగితం ఒకటి కనిపించింది: జీవితకథ చెబితే టైప్ చేసే మనిషి కావాలి.

కాగితం పెట్టినాయన నది అవతల అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభకు ఇరవై రెండేళ్ళు సభ్యుడు. మన లెక్కలో ఎమ్మెల్యే. భార్య సార్నియా ఆవిడ కావడంతో రిటైరయ్యాక వంతెన దాటి ఇటు వచ్చేశారు. ఎమ్మెల్యే ఇల్లంటే గేటు ముందు కార్లూ, వరండాలో అర్జీలూ ఉంటాయనుకుని వెళ్ళాను. ఎనభై ఏళ్ళ మనిషి, చెవులు మూసే టోపీ పెట్టుకుని, తన వాకిట్లో మంచు తనే పారతో ఎత్తుకుంటున్నారు.

మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే. నా బుర్రలో మాత్రం లెక్క తెలుగులో నడిచింది. రాజకీయ నాయకుడు నోరు తెరిస్తే గంటకు ఎనిమిది పేజీలు ఎటూ పోవు. అందుకే గంట లెక్క వద్దు, పూర్తయిన పేజీకి ఐదు డాలర్లు ఇమ్మన్నాను. ఆయన మూడు అన్నారు. నేను ఐదు దగ్గరే నిలబడ్డాను.

"నాలుగు," అన్నారాయన. "ఇద్దరికీ న్యాయం."

అప్పుడు నేను బ్యాగు భుజానికి తగిలించుకుని లేచి బయటికి నడిచాను. మా కొట్లో ఇది రోజూ జరిగే తంతు. బిందె కొనడానికొచ్చినావిడ బిందె కింద పెట్టేసి మెట్లు దిగుతుంది. మూడో మెట్టు దాటకముందే నాన్న, "రండమ్మా, మీ మాటే కానివ్వండి," అని పిలుస్తాడు. పిలుస్తాడని ఆవిడకు తెలుసు, ఆవిడ ఆగుతుందని ఆయనకు తెలుసు.

నేను మెట్లు మెల్లగా దిగాను. వాకిట్లో వంగి, ఊడని షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. వెనక నుంచి, "జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యి," అని వినిపించి తలుపు మూసుకుంది. నాకు కారు లేదు. బస్ స్టాప్ దాకా వెళ్ళి బోర్డు చూస్తే తర్వాతి బస్సు యాభై నిమిషాలకు. పది నిమిషాలు నిలబడి, కాళ్ళు కొయ్యబారాక తిరిగొచ్చి తలుపు కొట్టాను.

"సార్, నాలుగు చాలు."

"వెళ్ళిపోయావుగా, ఇష్టం లేదనుకున్నాను," అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఎదుటి మనిషి నిర్ణయాన్ని గౌరవించాలి కదా."

ఇంటికొచ్చి చెబితే, వంట చేస్తున్న రూమ్మేట్, కరీంనగర్ తమ్ముడు, గరిటె పక్కన పెట్టాడు. "ఏందన్నా, గంటకి పదహారు ఇస్తనంటే వద్దన్నవా? నువ్వు నిజంగనే షావుకారు కొడుకువేనా?"

"ఆగు. ఎమ్మెల్యే మాట్లాడ్డం మొదలుపెడితే తెలుస్తుంది."

మొదటి రోజే తెలిసింది. ఆయన చెప్పడం, నేను కొట్టడం. "ఆ ఏటి బడ్జెట్ దారుణం," అన్నారు. టైప్ చేశాను. "దారుణం అనొద్దు. బాగాలేదు అను." మార్చాను. "కొందరి దృష్టిలో బాగాలేదు." మార్చాను. కిటికీలోంచి కాసేపు నది వైపు చూసి, "వాళ్ళ వైపూ ఒక వాదన ఉందిలే. ఆ పేరా తీసెయ్," అన్నారు. గంటన్నర కూర్చుంటే ముప్పావు పేజీ తేలింది. మూడు డాలర్లు.

ఆయన మితవాది. అంటే ఏ గొడవలోనైనా రెండు పక్షాలతోనూ తిట్లు తినేవాడని నాకు మెల్లగా అర్థమైంది. అట్టపెట్టెలో పాత ఎన్నికల కరపత్రాలు దాచుకున్నారు. సొంత పార్టీలోని గట్టివాళ్ళు ఈయన అవతలి పార్టీ మనిషని వేశారు. అవతలి పార్టీవాళ్ళు ఈయన పచ్చి ఇవతలి పార్టీ మనిషని వేశారు. రెండింటి మీదా ఒకటే ఫోటో, నోరు సగం తెరిచి ఉన్నది. "ఫోటో ఖర్చు పంచుకుని ఉంటారు," అన్నారు. "వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే."

ఇంత కష్టపడి పుస్తకం ఎందుకో మూడో వారం చెప్పారు. అవతలి పార్టీలో ఆయనకొక ప్రాణస్నేహితుడు ఉండేవాడు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆ స్నేహితుడికి ఈమధ్యే గుండె ఆపరేషన్ అయిందని కబురు తెలిసింది. ఆ స్నేహితుడు బతికుండగానే పుస్తకం అతని చేతికి చేరాలి. పన్నెండో అధ్యాయం చదివితే ఈయన తప్పేమీ లేదని ఆ స్నేహితుడే ఒప్పుకుంటాడు. మిగతా అధ్యాయాలన్నీ ఆ ఒక్కదానికి కట్టిన అరుగు.

పన్నెండో అధ్యాయం ఇదీ. బస్సులు లేని పల్లెల నుంచి డయాలసిస్ రోగులను ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాన్ల కోసం ఇద్దరూ కలిసి నాలుగేళ్ళు కష్టపడి ఒక చట్టం తయారుచేశారు. ఆఖరి మీటింగులో స్నేహితుడు వ్యాన్ ఉచితంగా ఉండాలన్నాడు. ఈయన తన పార్టీవాళ్ళను ఒప్పించడానికి చిన్న చార్జీ పెడదామన్నారు. స్నేహితుడు ఫైలు మూసి, లేచి, వెళ్ళిపోయాడు. ఓట్లు చాలక చట్టం పోయింది, వ్యాన్లూ పోయాయి.

"ఎంత గట్టి నిర్ణయమో చూడు," అన్నారు. "కోటు వేసుకుని, ఒక్కో బొత్తామూ నిదానంగా పెట్టుకున్నాడు. తొందరపాటు లేదు."

నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "ఎన్ని బొత్తాలు సార్?"

"ఆరు."

"ఆరూ పెట్టుకున్నారా?"

"ఆరూ. మధ్యలోది ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత తలుపు దగ్గర గ్లవ్స్ వెతుక్కున్నాడు."

"గ్లవ్స్ ఎక్కడున్నాయి?"

"చేతిలోనే."

"సార్," అన్నాను, "ఆయన వెళ్ళలేదు. మీరు పిలవాలని నిలబడ్డారు. మొదటి రోజు నేను మీ వాకిట్లో షూ లేసు కట్టుకున్నానే, అలాగ."

"నీ లేసు ఊడలేదా?"

"లేదు సార్."

వంటింట్లోంచి ఆయన భార్య, "ఈ మాట నేను ఆ రాత్రే చెప్పాను. నాకు రాజకీయం తెలియదన్నావు," అంది.

ఆ స్నేహితుడి ఫోన్ నంబరు ఆయనకు కంఠతా వచ్చు. నొక్కేటప్పుడు రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి నేను నొక్కి స్పీకర్ పెట్టాను. అటువైపు నీరసంగా ఒక గొంతు ఎవరని అడిగింది. ఈయన పేరు చెప్పారు.

అటువైపు ఫోన్ పెట్టేశారేమోనని నేను తెర చూశాను. లేదు, లైన్లోనే ఉన్నారు.

"ఆ రోజు నిన్ను వెనక్కి పిలవాల్సింది," అన్నారు ఈయన. ఒక్క మాటా మెత్తబరచకుండా ఆయన నోట నేను విన్న మొదటి వాక్యం అది.

"పార్కింగ్‌లో ఇరవై నిమిషాలు కూర్చున్నాను," అంది అవతలి గొంతు. "చార్జీకి నేనిప్పటికీ ఒప్పుకోను."

"సగం చార్జీ?"

అటువైపు దగ్గో నవ్వో తేలని చప్పుడొచ్చింది.

ఆ తర్వాత ప్రతి గురువారం స్నేహితుణ్ణి ఆయన కూతురు కారులో వంతెన దాటించి దింపేది. "ఏం తెస్తున్నావని మీ బోర్డర్‌లో అడిగారు. ఫిర్యాదులన్నాను," అంటూ వచ్చి, నా పక్కనే కుర్చీ వేసుకుని, మేము రాసిన పేజీల మీద పడ్డాడు. ఒక మితవాదికే గంటన్నరకు ముప్పావు పేజీ. ఇప్పుడు ఇద్దరు. ఒకరు చెప్పిన వాక్యం రెండోవారు ఒప్పుకుంటేనే నిలబడేది. పన్నెండో అధ్యాయం మొత్తం పోయింది, ఇక ఎవరికీ ఏమీ రుజువు చేయక్కర్లేదు కనుక. బడ్జెట్ అధ్యాయాన్ని స్నేహితుడు అరపేజీకి కుదించాడు. ఇద్దరూ నవ్వుతూ నా కళ్ళముందే నా నాలుగు డాలర్లను పేజీ తర్వాత పేజీ కొట్టేస్తుంటే, డిలీట్ నొక్కింది నేనే.

"అన్నా, ఆళ్ళిద్దర్ని కలపకుంటే ఏం పోయేది నీకు?" అన్నాడు తమ్ముడు, అన్నం వడ్డిస్తూ.

"అదే లెక్క వేస్తున్నాను."

ఏప్రిల్‌లో పుస్తకం తయారైంది. తుది బిల్లు నాన్న రాసినట్టే గీతలు కొట్టి రాశాను. టైప్ చేసినవి నూట నలభై ఒక్క పేజీలు, మిగిలినవి ముప్పై ఎనిమిది. పేజీకి నాలుగు చొప్పున నూట యాభై రెండు డాలర్లు. పని చేసింది నూట ముప్పై గంటలు. ఆయన మొదట ఇస్తానన్న లెక్కలో రెండువేల ఎనభై డాలర్లు అయ్యేవి. ఆ అంకె బిల్లులో వేయలేదు, బేరం నాదే కనుక. తాగిన సూపులు, తిన్న ఆపిల్ కేకు తగ్గించుకోమన్నాను. ఆయన భార్య ఆ వరుస కొట్టేసింది. పేరు మాత్రమే ఉన్న మొదటి పేజీని నేను కలపలేదు. అది కూడా పేజీయేనని స్నేహితుడు, అందులో టైపింగ్ లేదని ఈయన, పావుగంట వాదించుకుని సగానికి వచ్చారు. మొత్తం నూట యాభై నాలుగు డాలర్లు. ముట్టినట్టు సంతకం పెట్టాను.