గడ అందించిన చెయ్యి

ఎనిమిదేళ్లుగా ఒక వెదురు గడ బరువు మోస్తున్నాను. చిక్కం కట్టిన మామూలు గడ, మామిడికాయ కోసే ఎవరి చేతిలోనైనా ఉండేదే. సమ్మె జరుగుతుండగా బయటి కూలీలను దింపకుండా చట్టం రావాలని నేను రాసిన వ్యాసాలు మీరు చదివే ఉంటారు. వాటిలో నేను రాయనిది ఒకటుంది. అది మీకు చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. ముసునూరు దగ్గర మా అన్నయ్య తోటలో కాయ కోసే మనిషి ఒకడు కొమ్మ విరిగి కిందపడ్డాడు. నడుము పోయింది. కోతలు అయ్యేదాకా అతని ఇంటికి తిండిగింజలు పంపమని తోటివాళ్లు అడిగారు. అన్నయ్య కుదరదన్నాడు. వాళ్ల పెద్ద వెంకన్న, మూఢనమ్మకాల మీద నేనిచ్చే ఉపన్యాసాల్లో ముందు వరసలో కూర్చునే మనిషి, కోత ఆపించాడు. గడలు చెట్లకు ఆనించి అందరూ వెళ్లిపోయారు.

కాయ చెట్టుమీదే పండబారుతోంది. అన్నయ్య రెడ్డిగూడెం నుంచి పదిమందిని తెచ్చాడు. వాళ్లు గడలు చూసి ఆగిపోయారు. పని ఆపి ఒకరు ఆనించి వెళ్లిన గడను ఇంకొకరు ముట్టరట. అన్నయ్య నాకు కబురు పెట్టాడు.

వెళ్లాను. ఎందుకు వెళ్లాను? తోటలో సగం నాదనా? లేక మూఢనమ్మకం ఎక్కడ కనబడినా కొట్టిపారేసే అలవాటువల్లా? అలవాటువల్లేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది కనుక.

"ఏంటయ్యా, గడకి దెయ్యం పట్టిందా?" అన్నాను నవ్వుతూ.

వాళ్లలో ముసలాయన నవ్వలేదు. "దెయ్యమైతే వేపమండతో కొట్టేవాళ్లమండీ. దీని వెనకాల మనిషున్నాడండి."

అయినా అరగంట మాట్లాడాను. శకునాలను, ముహూర్తాలను ఎలా ఎగతాళి చేస్తానో ఆ కట్టుబాటునూ అలాగే చేశాను. చివరికి వెంకన్న గడ నేనే తీసి ముసలాయన చేతిలో పెట్టాను. సాయంత్రానికి బుట్టలు నిండాయి.

మర్నాడు వెంకన్న వచ్చాడు. "రెడ్డిగూడెం వాళ్లు ఊరికే ముట్టరండి బాబుగారూ. ఎవరో ముట్టించారు."

"ఆకలి ముట్టించి ఉంటుందిలే, వెంకన్నా."

"మీరన్నారంటే అంతేనండి."

రుజువు లేకుండా ఎవరి మాటా నమ్మొద్దని అతనికి నేర్పింది నేను. నా మాటకు మాత్రం రుజువడగలేదు.

సమ్మె విరిగింది. నడుము పోయినతని భార్య, పిల్లల్ని తీసుకుని, హనుమాన్ జంక్షన్‌లో హోటల్లో ప్లేట్లు కడగడానికి వెళ్లింది.

ఇప్పుడు చట్టం చెయ్యమని ప్రభుత్వాన్ని నిలదీస్తున్నాను. ఆ చట్టం కూలీల దగ్గర అప్పటికే ఉంది. కాగితం మీద లేదు, అంతే. పోలీసూ కోర్టూ లేకుండా, చెట్టుకు ఆనించిన గడతో నడిచే చట్టం. దానికి మూఢనమ్మకమని పేరుపెట్టి నేనే చంపాను.

కింద పేరు రాసే ధైర్యం ఇంకా రాలేదు. రాయకపోయినా, ఎవరైనా చదివి వినిపిస్తే వెంకన్న పోల్చుకుంటాడు. క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తాడేమో, అదీ రుజువడక్కుండా. చెప్పడం వరకే నా వంతు. చెబుతుంటే చెయ్యి కాస్త తేలికపడుతోంది.

ఆకలి కాదు, వెంకన్నా. నేను.