బాబాకి మిగిలిన రెండు మాటలు

నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. కువైట్‌లో కారు నడపడానికి ఆ డిగ్రీ పెద్దగా ఉపయోగపడలేదు గానీ, దయ్యాల్ని నమ్మకుండా ఉండటానికి మాత్రం బాగా పనికొచ్చింది. రాయచోటిలో మా మేనత్తకి ఏటా దయ్యం పట్టేది. పరీక్షల రోజుల్లో నాకెందుకు పట్టదా అని బాధపడేవాణ్ణి తప్ప, భయపడింది లేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం సంగతి కాదు. ఇది జరిగిననాటికి ఇందులో ఉన్న మనిషి బతికే ఉన్నాడు.

సబా అల్ సలేంలో ఒక ఇంట్లో నేను డ్రైవర్ని. ఇంటి పెద్దాయన్ని మేము బాబా అనేవాళ్లం. ఆయన కూతురు మా యజమానురాలు, ఆమెని మామా అనేవాళ్లం, అంటే అమ్మ. వంట మరియమ్మక్కది, అమలాపురం వైపు మనిషి. బాబాకి ఎనభై దగ్గర పడ్డాయి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట కూడా పోయింది, రెండు తప్ప. ఒకటి ‘సబర్’, అంటే ఓపిక పట్టు. రెండోది ‘యల్లా’, అంటే ఇక పద. టీ చల్లారకపోతే సబర్. స్నానానికి యల్లా. ఇంకో మాట అవసరం లేకుండానే ఏడాది గడిపాడు.

వయసులో ఉండగా బాబా ఇంగ్లండులో చదువుకున్నాడు. ఆ సంగతులు మామా చెప్పింది. అక్కడి చల్లటి నదుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట. దానికి ఎర వెయ్యరు. గాలానికి ఈకలూ దారాలూ చుట్టి ఈగలాంటిది తయారుచేస్తారు. దాన్ని నిజం ఈగలాగే నీటి మీద వాల్చాలి. చేప మోసపోవాలి. పట్టుకున్నాక మళ్లీ నీళ్లలో వదిలెయ్యాలి. ఈ చివరి సంగతి విని మరియమ్మక్క గరిటె పక్కన పెట్టేసింది.

“పట్టేసి వదిలేత్తారా? మరైతే పట్టడం దేనికి తమ్ముడూ?”

“చదువుకున్నోళ్లు గదక్కా,” అన్నాను.

ఒకరోజు మామా బాబా గాలపు కర్ర తెచ్చి నా చేతికిచ్చింది. “నాన్నకి ఇది ఒక్కసారి వంగడం చూడాలనుంది. ఆయన చెయ్యి లేవదు. నువ్వు నేర్చుకో,” అంది. చేప పడితేనే ఆ కర్ర వంగుతుంది. నా ఇఖామాలో, అంటే అక్కడి నివాస కార్డులో, డ్రైవర్ అని ఉంది, జాలరి అని లేదు. ఆ మాటే అందామనుకున్నాను. కిటికీలోంచి బాబా చూస్తున్నాడు. అనలేకపోయాను.

మా ఊళ్లో నది ఉంది, నీళ్లు లేవు. కువైట్‌లో నీళ్లున్నాయి, నది లేదు. సముద్రంతో సర్దుకుందామని తేల్చుకున్నాం.

ముందు ఇంటి పక్క ఖాళీ స్థలంలో, ఇసుకలో పాఠం. గాలం బదులు దారం చివర ఎర్ర ఉన్నిపోగు కట్టాం. బాబా చక్రాల కుర్చీలో నాకు కాస్త వెనగ్గా, పక్కగా కూర్చునేవాడు. ఈకకి బరువుండదు, విసిరే బరువంతా దారానిదే. కర్ర వెనక్కి ఎత్తాక, దారం మన వీపు వెనక గాలిలో పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. అప్పుడు ముందుకి విసరాలి. తొందరపడితే కొరడాలా ఛళ్లుమంటుంది, చివర కట్టింది తెగి ఎటో పోతుంది. నేను ఎద్దులబండి తోలుతున్నట్టు ఛళ్లుమనిపించేవాణ్ణి.

బాబా మాటలకి అసలు పని అక్కడ దొరికింది. నేను కర్ర వెనక్కి ఎత్తగానే “సబర్” అనేవాడు. దారం చాచుకోగానే “యల్లా” అనేవాడు. విద్యంతా అంతే. చివరి ‘ర్’ సగం మింగేసేవాడు, పెదవి ఒక పక్కకి లాగేది కదా.

పక్కింటి పెషావర్ డ్రైవర్ గోడ మీంచి తల పెట్టి, “భాయ్, రేత్ మే మచ్లీ మిలా?” అన్నాడు. ఇసుకలో ఇంతవరకూ పడలేదని ఉన్నమాట చెప్పాను.

తర్వాత సముద్రపు ఒడ్డు. మూడు నెలలపాటు, వీలున్న ప్రతి ఉదయం, పోటు వచ్చే వేళకి వెళ్లాం. కర్ర వంగలేదు. ఒకసారి మరియమ్మక్క, “ఈకలెవడు తింటాడయ్యా, రొయ్య గుచ్చు,” అని పొట్లం కట్టిచ్చింది. నాకూ న్యాయంగానే తోచింది. గాలానికి రొయ్య గుచ్చడం బాబా చూశాడు. మొహం అటు తిప్పుకున్నాడు. అరగంట దాకా ఇటు తిప్పలేదు. నేను రొయ్యని పక్షులకి పారేశాక తిప్పాడు.

ఎండలు ముదరక ముందే బాబా రెండోసారి పక్షవాతంతో పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టర్లతో మాట్లాడి వచ్చిన మామా నల్ల కళ్లద్దాలు తియ్యలేదు. “ఇక రోజులే,” అంది. “నువ్వు వెళ్లు. పడితే ఫోన్లో తీసుకురా. అదైనా చూపిద్దాం.”

మర్నాడు పొద్దున మరియమ్మక్కని బాబా దగ్గర దింపాను. దిగుతూ మళ్లీ ఒక పొట్లం సీటు మీద పెట్టింది. “ఇయ్యాల ఆయన సూడ్డు కదా. చేప పడాలి, అంతే. దేవుడు చమిత్తాడులే.”

ఒడ్డున ఎవరూ లేరు. డిక్కీలో బాబా పాత చక్రాల కుర్చీ ఉంది. దాన్ని ఎప్పుడూ పెట్టేచోటే పెట్టి, సీటు మీద ఫోన్ నిలబెట్టి, వీడియో నొక్కాను. అరగంట విసిరాను. రెండు ఈకలు తెగిపోయాయి. చివరికి పొట్లం విప్పాను. సిగ్గు అనిపించలేదని చెబితే అబద్ధం. కానీ అక్కడ మనిషి పోతున్నాడు. రొయ్యని వేళ్ల మధ్య పట్టుకుని గాలం మొన దగ్గరికి తెచ్చాను.

వెనకనుంచి “సబర్” అని వినబడింది.

గట్టిగా కాదు, మామూలుగానే. ‘ర్’ సగం మింగేసి.

తిరిగి చూశాను. కుర్చీ, ఫోన్. నిద్ర చాలలేదనుకున్నాను. అయినా రొయ్య పారేశాను. కర్ర వెనక్కి ఎత్తాను. మళ్లీ “సబర్.” ఆగాను. అంతసేపు ఎప్పుడూ ఆగలేదు. “యల్లా.” విసిరాను.

దారం గీత గీసినట్టు వెళ్లింది. ఈక చప్పుడు లేకుండా వాలింది. ఆ వెంటనే కర్ర విల్లులా వంగింది. దారం నా చూపుడువేలి మీదుగా జుయ్యిమంటూ పరిగెత్తింది. కాసేపటికి మోచేతంత వెండిరంగు చేప, అక్కడ సుబైతీ అంటారు, నా చేతికొచ్చింది. ఫోన్‌కి చూపించి వదిలేశాను. వదిలేటప్పుడు మరియమ్మక్క గుర్తొచ్చింది.

కార్లో వీడియో చూశాను. గాలి ఉంది, పక్షుల అరుపులున్నాయి, నా ఆయాసం ఉంది. ఆ మాటలు లేవు. ఫోన్ ఆ కుర్చీలోనే ఉంది. కానీ ఒకచోట నేను వెనక్కి తిరిగి, సూటిగా అటే చూస్తూ, “బాబా?” అంటాను.

ఆసుపత్రి వరండాలో మరియమ్మక్క ఎదురొచ్చింది. “ఇందాక ‘యల్లా’ అన్నాడు తమ్ముడూ. ఎక్కడికెల్తాం బాబా, డాక్టరుగారే రాలేదింకా అన్నాను.” ఎప్పుడని అడిగాను. టీ బండి వచ్చినప్పుడంది, ఎనిమిది కావొస్తూ. చేప పడింది ఎనిమిదికి పది నిమిషాల ముందు.

మామా ఫోన్ బాబా కళ్ల ముందు పట్టుకుంది. బాబా చేపని చూడలేదు, కర్రనే చూశాడు. అది వంగినప్పుడు మూతి ఎడమపక్క నవ్వింది. తర్వాత ఎడం చేత్తో తన కుడి చెయ్యి ఎత్తి నా ముందు దుప్పటి మీద పెట్టాడు. ఏడాదిగా కదలని చెయ్యి. చూపుడువేలు కణుపు మీద సన్నటి ఎర్రటి కోత, తాజాది. పైపు ఒరుసుకుని ఉంటుందంది నర్సు. పైపులన్నీ ఎడం చేతికే ఉన్నాయి.

నా వేలు చూసుకున్నాను. దారం అంత వేగంగా పరుగెత్తితే వేలు కోసుకుపోవాలి. నా వేలి మీద ఎరుపు కూడా లేదు.

బాబా నన్ను చూసి, “ఖలాస్,” అన్నాడు. అయిపోయింది అని. ఏడాదిలో అది మూడో మాట. మామా గోడవైపు తిరిగిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత నాకు కనబడలేదు, వినబడలేదు.

వినబడిన మాటల గురించి, మూడు నెలలు విన్నవే కాబట్టి చెవిలో ఉండిపోయాయని చెప్పుకోవచ్చు. వేళ కలవడం కాకతాళీయం. ఈ రెండు జవాబులకీ పాస్ మార్కులు వేశాను. కర్రని మామా నన్నే ఉంచుకోమంది. సెలవు దొరికిన శుక్రవారాలు వెళ్తుంటాను. ఇప్పటిదాకా ఇంకో రెండు చేపలు పడ్డాయి. రెండుసార్లూ చూపుడువేలు తెగింది. రెండోసారి మరియమ్మక్క పసుపు అద్దుతూ అడిగింది:

“మరి ఆ రోజు తెగలేదేం తమ్ముడూ?”

నేను చదివిన ఫిజిక్సంతా ఒకసారి గుర్తుచేసుకున్నాను. వేలు ఆమె చేతిలోనే ఉంచాను.