కరెంటు పోయింది, అన్నం కడుపులో ఆగింది

తెలంగాణ కోసం చేసిన సమ్మె ముగిసి బడి తెరిచాక, మా నర్సింహులపేట సారు పిల్లలకు ఒక లక్ష్యం పెట్టారు. తాను చెప్పిన పాఠాన్ని కంప్యూటర్‌లోనూ చూసి, వారంలోగా ఇంట్లో ఒకరికి వివరించాలి. ఈ రోజు నేను మా మనవణ్ణి బడిలో దింపడానికి వెళ్లేసరికి, తండా నుంచి ఒక అవ్వ తన మనవరాలిని పత్తి ఏరడానికి తీసుకుపోదామని వచ్చి కూర్చుంది. తిన్నది ఎలా అరుగుతుందో చూపే పాఠం నడుస్తోంది. తెర మీద అన్నం కడుపులోకి చేరగానే కరెంటు పోయింది.

“గిట్ల నడుమల ఆపితె ఎట్ల సారూ? ఆ అన్నం ఎటు పోయినట్టు?” అంది అవ్వ.

సారు అవ్వ మనవరాలి వైపు చూశారు. పిల్ల బోర్డు మీద పేగులు గీసి, మిగతాదంతా వాళ్ల లంబాడీ భాషలో అవ్వకు చెప్పింది.

“నువ్వు బడిలనే ఉండు బిడ్డా. పత్తి నేనేరుకుంట,” అని అవ్వ లేచింది.

నాకు ఆ భాష రాదు గాని, పేగులు బాగానే అర్థమయ్యాయి. మీ ఊరి బడిలో కరెంటు పోతే మిగతా పాఠం ఎవరు చెబుతున్నారు?