బత్తాయి మీగడ సోడా

మా ఆయన ఒక్కనాడు కూడా నా వంటను మెచ్చుకున్న పాపాన పోలేదు. పప్పులో పులుపు ఎక్కువైందనో, కోడికూరలో మసాలా పచ్చివాసన వస్తోందనో, చాయ్ చల్లారిందనో ఏదో ఒక వంక పెట్టనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. పెళ్లైన కొత్తలో ఏడ్చాను. తర్వాత తిట్టాను. ఆ తర్వాత చెవిన వేసుకోవడమే మానేశాను. మణుగూరు కాలనీలో మా క్వార్టర్ల వరసలో అందరికీ తెలుసు, మా ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగాయంటే ఆయన అన్నానికి కూర్చున్నట్టే.

అలాంటి మనిషి పోయిన ఎండాకాలం ఏం పెట్టినా "మంచిగున్నది" అనడం మొదలుపెట్టాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆయనది బాయి పని. బొగ్గుగనిని మేము బాయి అనే అంటాం. లోపల గ్యాస్ ఉంటుందని బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. దిగేముందు జేబులు తడిమి మరీ చూస్తారు. అందుకే కిందికి దిగేవాళ్లలో చాలామందికి తంబాకు అలవాటు. సున్నంతో నలిపి కింది పెదవి వెనక దోపుకుంటే షిఫ్టు గడిచిపోతుంది. ఎంత మొత్తుకున్నా మానలేదు. చివరికి ఆ పెదవి వెనకే పుండు లేచింది. అది మానదు, నొప్పీ పెట్టదు. నొప్పి లేదు కదా అని ఆయన ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు గానీ, నా మాట వినే మనిషైతే కదా.

కంపెనీ ఆసుపత్రి నుంచి హైదరాబాద్ పంపించారు. కోశారు. తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌కు మా దగ్గర ఆ మాటే. అది అయ్యేసరికి ఆయన నోరు లోపలంతా పచ్చిపుండైంది. ఉమ్మి ఊరడం ఆగిపోయింది. మెత్తగా పిసికిన పెరుగన్నం కూడా గొంతులో అడ్డం పడేది. ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఏదో ఒకటి మింగాలి, బలమైనది మింగాలి, మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి మనిషి ఇంకా తగ్గితే ముక్కులోంచి పైపు వేసి తిండి పోయాల్సి వస్తుంది అని.

వార్డులో పక్క మంచం ఆయనకు ఆ పైపు ఉండేది. మా ఆయన పొద్దస్తమానం అతన్నే చూస్తూ పడుకునేవాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"పైపు పెట్టనియ్య. గంతకన్న సచ్చుడు నయం."

"నోర్మూసుకో," అన్నాను. ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు. అన్నాడంటే అన్నట్టే. అడవి మొదలై, రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు ఎండిపోయి కనిపిస్తుంటే, ఈయన చేత ఎలా తినిపించాలిరా దేవుడా అన్న ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేం లేదు.

జావ చేశాను, వద్దన్నాడు. రాగిమాల్ట్, వద్దన్నాడు. గుడ్డు గిలకొట్టి పాలలో పోశాను, వాంతి చేసుకున్నాడు. ఒకరోజు తనంతట తనే అడిగాడు.

"బత్తాయి సోడా తాగాలనిపిస్తున్నదే. మీగడ పోసింది."

బస్టాండు దగ్గర ఒక పాత సోడా దుకాణం ఉంది. తాతల కాలం నుంచి ఆ సాయిబుల కుటుంబమే నడుపుతోంది. మొదటి షిఫ్టు దిగి, ముఖాన బొగ్గు కూడా కడుక్కోకుండా మా ఆయన అక్కడ నిలబడి ఒక గ్లాసు మీగడ సోడా తాగి గానీ ఇంటికొచ్చేవాడు కాదు. ఆయన వంక పెట్టని వస్తువు ప్రపంచంలో అదొక్కటే. ఆ సోడా మీద నాకు ఎన్నో ఏళ్లుగా కుళ్లు. అయినా ఆ రోజు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తాను.

తెచ్చి ఇస్తే ఒక్క గుక్క తీసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పులుపు ఒకవైపు, గ్యాస్ ఒకవైపు ఆ పుండ్లను కోసేశాయి. గ్లాసు పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అడిగిన ఒక్కటీ అట్లా అయిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఆ సోడా ఆయన నోటిని కొయ్యకుండా నేనే ఇంట్లో చేస్తానని ఆ క్షణంలోనే పంతం పట్టాను.

పంతమైతే పట్టాను గానీ చెయ్యడం వస్తేగా. మొదటిసారి చిక్కటి పాలలో బత్తాయి రసం పోసి పైన సోడా పోశాను. కళ్ల ముందే పాలు విరిగి తరకలు తరకలుగా పైకి లేచాయి. పారబోశాను. రెండోసారి పంచదార ఎక్కువ వేస్తే విరగదేమో అనుకున్నాను. విరిగింది. దమ్మపేట నుంచి మా చెల్లెలు సంచినిండా బత్తాయిలు, కొబ్బరికాయలు తెస్తే కొబ్బరిపాలతో చేసి చూశాను. పైన నూనె తేలి, కింద నీళ్లు మిగిలాయి. మధ్యాహ్నం దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలి స్టాండులో గ్లాసులు గలగలమంటుంటే, ఆ తరకల గిన్నె ముందు కూర్చుని నాలో నేను అందర్నీ తిట్టుకున్నాను. గేదెను తిట్టాను, బత్తాయిని తిట్టాను, తంబాకు కనిపెట్టినవాణ్ని తిట్టాను.

ఇక లాభం లేదని సోడా దుకాణానికే వెళ్లాను. పెద్దాయన నన్ను ఎరగడు గానీ మా ఆయన్ని ఎరుగును. సంగతి చెప్పగానే స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"పాలు గాదమ్మా, మీగడ వెయ్యాలె. రసం గాదు, తొక్క. బత్తాయి తొక్క మీద ఆకుపచ్చ పొర ఉంటది సూడు, దాన్ని చక్కెరల రుద్దు. వాసనంతా దాంట్లనే ఉంటది. తెల్లపొర తగలనియ్యకు, చేదైతది."

"మరి పులుపు?"

"గాయన నోటికి పులుపెందుకిప్పుడు? ఒక చెంచా రసం చాలు. సోడా మూత తీసి జరసేపు పెట్టు, గ్యాస్ సగం పోవాలె. జల్దీ జల్దీ పొయ్యకు. గ్లాసు అంచు మీంచి మెల్లగ పొయ్యి."

తొక్క రుద్దిన చక్కెరను పాకం పట్టాను. చల్లారాక మీగడ వేసి, పాకం మీగడ ఏకమయ్యేదాకా గిలకొట్టాను. చెంచాడు రసం. తర్వాత గ్లాసు వంచి, అంచు వెంట సోడా. విరగలేదు. లేత పసుపు రంగులో పైన సన్నటి నురగ కట్టింది. నేనే ఒక గుక్క తాగి చూశాను. దుకాణంలోదానికి ఏమాత్రం తీసిపోలేదు, ఇంకా బాగుందంటాను నేను.

ఆయన అర గ్లాసు తాగాడు. గుక్క గుక్కకూ కళ్లు మూసుకుని, మెడ సాచి మింగాడు. పుండ్లు మండలేదు.

"మంచిగున్నది," అన్నాడు.

ఆ ఒక్క పూట పొంగిపోయాను. మర్నాడు మళ్లీ చేశాను, మంచిగున్నది. ఆ మర్నాడు పంచదార తగ్గినట్టు నాకే అనిపించింది, ఆయనకు మంచిగున్నది. జావ మంచిగున్నది. మెత్తటి ఉప్మా మంచిగున్నది. ఇంతా చేసి రెండు గుక్కలు, మూడు గుక్కలు, అంతే. చేతి గడియారం జారి మోచేతి దాకా వెళ్తోంది. గొంతు కింద ఎముకలు లెక్కపెట్టేలా తేలాయి. మళ్లీ హైదరాబాద్ వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతోంది.

ఆ వారంలోనే వెనక వరసలో ఉండే ఆవిడ చూడటానికి వచ్చింది. బయట అరుగు మీద కూర్చుని, వేరే ఊళ్లో కొలువు వెతుక్కుంటున్న మా అబ్బాయి మాటెత్తి, నాకు ధైర్యం చెబుతున్నాననుకుని అంది.

"ఎటు జేసినా నీ కొడుక్కి కొలువు ఖాయమే వదినా. అన్‌ఫిటైనా ఇస్తరు, కాకపోయినా ఇస్తరు. నువ్వు రంది పడకు."

అన్‌ఫిట్ అంటే ఇక బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాసివ్వడం. కాకపోయినా అంటే ఏమిటో మా బొగ్గు కాలనీల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తండ్రి పోతే బిడ్డకు ఉద్యోగం. ఆవిడ ముఖం మీద చాయ్ పోయకుండా ఆపుకోవడం నా జన్మలో నేను చేసిన పెద్ద పని. "ఇంట్ల పనున్నది, పో," అని పంపించేశాను. లోపలికి వెళ్తే కిటికీ తెరిచే ఉంది. ఆయన కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తున్నాడు. అంతా విన్నాడు.

ఆ సాయంత్రం సోడా రెండు గుక్కలు తాగి గ్లాసు తిరిగిచ్చాడు. "మంచిగున్నది." ఈయన మనసులో ఒక లెక్క వేసుకున్నాడని, నన్ను నొప్పించకుండా మెల్లగా జారుకుంటున్నాడని అనిపించింది. తప్పు పట్టడానికి కూడా మనిషికి బతకాలని ఉండాలి కదా.

తర్వాత ఒకరోజు గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. మబ్బుతో వంటిల్లు చీకటైంది. ఆయన తాగే వేళ దాటిపోతోందన్న కంగారులో ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసి, పాకంలో గిలకొట్టి, సోడా పోసి ఇచ్చాను. నాలుగు గుక్కలు తాగాడు. ఆ మధ్య తాగుతున్నదానికన్నా ఎక్కువే. "మంచిగున్నది," అన్నాడు.

కరెంటు వచ్చాక చూస్తే మీగడ గిన్నె ఫ్రిజ్‌లో అలాగే ఉంది. నేను పోసింది దాని పక్క గిన్నెలో ఉప్పు వేసి పెట్టిన అన్నం గంజి. గ్లాసులో మిగిలింది నాలుక మీద వేసుకున్నాను. ఉప్పూ పంచదారా గంజీ కలిసిన ఆ చుక్కను వెంటనే ఉమ్మేశాను.

గ్లాసు పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"ఏం తాగినవో ఎరుకేనా నీకు? గంజి తాగినవ్. ఉప్పు గంజి. మంచిగున్నదా?"

ఆయన గోడ వైపు తిరిగాడు.

"ఎందుకబద్ధం చెప్పినవ్?"

"ఏది పెట్టినా ఒక్కతీరుగనే ఉంటున్నది," అన్నాడు. "మట్టి నోట్లె పెట్టుకున్నట్టు. హైదరాబాద్ నుంచొచ్చిన కాణ్ణుంచి గట్లనే ఉన్నది. గా మాట నీకెట్ల చెప్పాలె? పొద్దుగాల లేచిన కాణ్ణుంచి గా తొక్కలు రుద్దుకుంట కూసుంటివి."

"మట్టైతే మరి ఎందుకు తాగినవ్?"

"నువ్వు సూస్తుంటివి గదా," అన్నాడు.

పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద కూర్చుని ఏడ్చాను. రుచి మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, చెప్పలేమని డాక్టరమ్మ ముందే అంది. మట్టిని ఎన్నాళ్లని మింగుతాడు, ఎవరి కోసమని మింగుతాడు? లోపలికి వచ్చి ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"కొడుకు కొలువు కొడుకే ఎతుక్కుంటడు. నువ్వు మట్టే తాగు. నేను సూస్తనే ఉంట."

ఆ రోజు నుంచి ఎదురుగా కూర్చుని తాగించాను. మీగడ రెట్టింపు చేశాను. బాగుందా అని అడగలేదు, ఆయన చెప్పలేదు. బతిమాలాను, తిట్టాను, ఒట్లు పెట్టుకున్నాను. తాగినదాంట్లో సగం బయటికొచ్చిన రోజులున్నాయి. గడియారం మోచేతి దగ్గరే ఉంది, దాటి పైకి వెళ్లలేదు. హైదరాబాద్‌లో డాక్టరమ్మ బరువు మిషన్ మీద నిలబెట్టి చూసి, పైపు ఇప్పటికి వద్దులే, ఇంకోసారి చూద్దాం అంది. ఆ ఇంకోసారి అన్న మాట ఇంటికొచ్చాక కూడా నా మెడ మీద కత్తిలా వేలాడింది.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం నాకు ఒళ్లు వెచ్చబడి, చేతులు లేవక, తొక్క రుద్దే ఓపిక లేకపోయింది. రుచి తెలియని మనిషికి ఏదైతేనేం అనుకున్నాను. బత్తాయిని తెల్లపొరతో, గింజలతో కలిపి మిక్సీలో వేసి వడగట్టి, మీగడా సోడా కలిపి తెచ్చి చేతికిచ్చాను.

ఆయన ఒక గుక్క తీసుకున్నాడు. మింగలేదు. ముఖం చిట్లించాడు. మెల్లగా మింగి గ్లాసులోకి చూశాడు.

"చేదున్నది," అన్నాడు.

నాకు వినపడలేదేమో అనుకున్నాను. "ఏంది?"

"చేదున్నదే. గింజలు గిట్ల పిసికినవా ఏంది? ఇన్నొద్దులు చేసినా సోడా కలుపుడు రాకపాయె నీకు."

గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కుని తాగాను. చేదుగా ఉంది. ఇంకో గుక్క తాగాను. నిజంగానే, నోరంతా చేదు.