అమ్మ చెప్పిన ఉత్తరం

పందొమ్మిదేళ్ల వయసులో నాకున్న పొగరంతా షార్ట్‌హ్యాండ్ పొగరే. పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో రోజూ కోవూరు నుంచి పెన్న దాటి నెల్లూరు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి నేర్చుకునేవాణ్ణి. ఎవరెంత వేగంగా మాట్లాడినా నా పెన్సిలు వెనకబడేది కాదు. అక్షరాలు పూర్తిగా దిద్దుకుంటూ రాసేవాళ్లను చూస్తే జాలేసేది.

ఆ ఏడు అమ్మకు జబ్బు ముదిరింది. ఒక మధ్యాహ్నం నన్ను మంచం దగ్గరికి పిలిచి అక్కకు ఉత్తరం రాయమంది. అక్క మా మతం కాని అతన్ని పెళ్లి చేసుకుని తడలో ఉంటోంది. నాలుగేళ్ల కిందట "నా గడప తొక్కొద్దు" అన్న అమ్మ, మళ్లీ అక్క ఊసెత్తడం అదే మొదలు.

అమ్మ ఆయాసపడుతూనే గబగబా చెప్పింది. నేను షార్ట్‌హ్యాండ్‌లో గీసుకుంటూ పోయాను. ఆరు కాగితాలు నిండాయి.

"ఏందిరా ఇది, కోడి గెలికినట్టుంది. అక్షరాలేవి?" అంది. అమ్మకు బైబిలు చదువుకునేంత చదువుంది. ఏ ఉత్తరమైనా తాను చదివి చూసుకున్నాకే పోస్టుకు పోనిచ్చేది.

"మళ్లా పూర్తిగా రాసి చూపిస్తాలేమ్మా."

"అంతా రాయాల. ఒక్క మాట కూడా ఇడిచిపెట్టొద్దు."

ఆ వారమే నాకు స్పీడు పరీక్ష. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. అమ్మ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. నాలుగో రోజు పొద్దున పోయింది.

అక్కకు టెలిగ్రాం కొట్టించి వచ్చి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లీషు కోసం పుట్టిన గీతలతో తెలుగు రాశాను. వేగం కోసం అచ్చులన్నీ వదిలేశాను. ఎక్కడో ఒక మాట తప్ప ఏదీ తేలలేదు. పోనీ గుర్తు తెచ్చుకుందామంటే ఏముంది గుర్తు? అమ్మ మాట చెవిన పడింది పడినట్టే చేతిలోకి పోయింది. నేను వినలేదు. కన్నతల్లి ఆఖరి మాటలు పక్కనే కూర్చుని వినని కొడుకును నేను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అక్క వచ్చేసరికి సమాధి కూడా అయిపోయింది. వాకిట్లోనే నిలబడిపోయింది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. అమ్మ తనకు ఉత్తరం చెప్పిందని చెప్పి కాగితాలు చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసింది.

"ఇయి నాకేం తెలుస్తాయిరా. నన్ను ఇంట్లోకి రమ్మనిందా లేదా, అది చెప్పు."

"రమ్మనింది."

"యాడ రాసినావు? చూపించు."

మూడో కాగితం మధ్యలో ఒక గీత చూపించాను. అక్క దాన్ని బొటనవేలితో తడిమింది. చాలాసేపు అలాగే తడుముతూ ఉంది. తర్వాత లోపలికి వచ్చి, అమ్మ మంచం పట్టె పట్టుకుని కూలబడి ఏడ్చింది.

ఆ గీతలో అమ్మ ఏం చెప్పిందో నాకు ఈనాటికీ తెలియదు.