తెల్లపొడి పూసిన గాజు పలకలు

“అయ్యో అత్తయ్యా, అది మురికి కాదు! త్రీ వీక్స్ వర్క్ అది!”

“గాజు మీద తెల్లగా అట్టకట్టి ఉంటే మురికి కాక మరేమిటి? చింతపండేసి పీచుతో తోమాను. ఎలా మెరుస్తున్నాయో చూడు.”

“రేపు పదకొండింటికి మా ప్రొఫెసర్‌కి చూపించాలి. చూపించకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది.”

“అంత విలువైనదాన్ని సింకు పక్కన పెడతారా ఎవరైనా?”

కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని గుర్తుపడతాయో లేదోనని మా అబ్బాయి ఆదివారాలు కూడా ఆఫీసుకు పోతున్న రోజులవి. మెల్‌బోర్న్‌లో ఎండలు ముదిరాయి. కోడలు యూనిలో, అంటే యూనివర్సిటీలో, మురుగునీటి మీద పరిశోధన చేస్తోంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పు నాదేనని తెలిసినా ఒప్పుకోలేదు. అసలా పొడి ఏం చేస్తుందని మాత్రం అడిగాను.

బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీల నీళ్లలో రంగు ఓ పట్టాన పోదట. ఈ పొడి పూసిన పలకను అందులో ముంచి ఎండలో పెడితే, ఆ రంగు తునాతునకలై విరిగిపోతుందట.

“మరి పొడి ఎంత అరుగుతుంది?”

“అరగదు అత్తయ్యా. దాని స్పెషాలిటీయే అది. మళ్లీ మళ్లీ వాడొచ్చు.”

పనిచేసీ అరగని వస్తువును నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“ఎండకి చీరలూ వెలుస్తాయి. ఇందులో మీ పొడి గొప్పేముంది?”

కోడలు కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. “మా సార్ కూడా ఫస్ట్ ఇదే అడుగుతారు. అందుకే పూత లేని పలక ఒకటి పక్కన పెడతాం.”

“అవి నేను తయారుచేసి ఉంచాగా!”

కోపంలోనే నవ్వేసింది పిల్ల.

డబ్బాలో ఇంకా కాస్త పొడి ఉంది. కోడలు నీళ్లలో కలిపి బ్రష్‌తో పూస్తే చారలు పడుతున్నాయి. “ఇలా తే” అన్నాను. మా గోదావరి వైపు కాగిన కుండ మీద పూతరేకులు తీసే పద్ధతిలో, ఉతికిన పాత పంచె ముక్కను ఆ పల్చటి పొడినీళ్లలో ముంచి, ఓవెన్‌లో వేడిచేసిన పలక మీద ఒక్కసారి లాగాను. గాజు ఫట్‌మని పగిలింది.

“కుండ కాదు కదా అత్తయ్యా అది!”

“తెలిసిందిలే. వేడి తగ్గించు.”

రెండో పలకకు పొర సన్నగా, సమంగా పట్టింది. కారిన బొట్లన్నీ తిరిగి గిన్నెలోకే వంపాను. కోడలు ఆ పలకను గంటసేపు ఓవెన్‌లో కాల్చింది. పొడి గాజును అంటిపెట్టుకోవాలంటే కాల్చాలట.

మర్నాడు ఆరున్నరకే పెరట్లో రెండు గాజు గిన్నెల్లో బట్టలకద్దే నీలం రంగు కలిపిన నీళ్లు పోశాం. ఒకదాంట్లో పూత పలక, ఇంకోదాంట్లో తోమిన పలక వేశాం. నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి పూత పలక ఉన్న గిన్నెలో అడుగు కనిపించింది. రెండోదాంట్లో నీలం కొంచెమే తగ్గింది. పూత పలకకు మాత్రం ఒక అంచున పూత లేచింది. కోడలు ప్రొఫెసర్‌కి చూపించడానికి రెండు గిన్నెల నీళ్లనూ వేరువేరు సీసాల్లో పోసుకుని, పలకలను తువ్వాల్లో చుట్టుకుని, పది గంటల ట్రైన్‌కి యూనికి వెళ్లింది.